శివారు విచారణ చరిత్రను రిజిస్టర్ల నుంచి రాయడం: హైదరాబాద్ పడమటి వైపు ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ పడమటి శివార్లలో, ముంబై హైవేకి దగ్గర్లో, ఒక కతోలిక విచారణ (పారిష్, అంటే ఒక గుడి, దాని పరిధిలోని కతోలిక కుటుంబాల సంఘం) ఉంది. ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం నెలకోసారి పూజ (మాస్) జరిగిన ఆ చోట ఇప్పుడు ఆదివారం వస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పూజలే. తెలుగు, ఇంగ్లిష్, తమిళం, హిందీ. ఒక పూజ ముగించుకుని బయటికి వచ్చేవాళ్ళ బండ్లు, తర్వాతి పూజకు లోపలికి వచ్చేవాళ్ళ బండ్లు గేటు దగ్గర ఎదురుపడి ట్రాఫిక్ ఆగిపోతుంది. ఆ విచారణ జూబిలీకి చరిత్ర సంకలనం చేసే పని నాకు అప్పగించారు. విచారణల చరిత్రలు, జూబిలీ సంచికలు తయారు చేయడమే నా పని. విచారణ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

జూబిలీ సంచిక ఎలా ఉంటుందో మన అందరికీ తెలుసు. ముందు పేజీల్లో పీఠాధిపతుల (బిషప్పుల) సందేశాలు, ఆ తర్వాత ఇప్పటిదాకా పనిచేసిన విచారణ గురువుల (ఫాదర్ల) ఫొటోలు, తర్వాత గుడి కట్టడం గురించి రెండు పేజీలు, దాతల జాబితా, చివర్లో బట్టల షాపుల, జువెలరీ షాపుల ప్రకటనలు. అందులో అబద్ధం ఏమీ ఉండదు. కానీ అది చదివితే ఆ విచారణ ఎలా పెరిగిందో అర్థం కాదు. గురువులు వస్తారు, బదిలీ మీద వెళ్ళిపోతారు. విచారణను నిలబెట్టినవాళ్ళు ఆ పుస్తకంలో గ్రూప్ ఫొటోలో వెనక వరసలో ఉంటారు.

శివారు విచారణ పెరిగిందంటే అక్కడ కొత్తగా మతం మారినవాళ్ళు పెరిగారని చాలామంది అనుకుంటారు. రిజిస్టర్లు వేరే మాట చెబుతాయి. పెద్దవయసులో జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్నవాళ్ళ నమోదులు చాలా తక్కువ. పెరుగుదల అంతా ఊళ్ళ నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి చేరిన కతోలికులదే. అంటే శివారు విచారణ చరిత్ర ముందుగా వలస చరిత్ర. దాన్ని అలాగే రాయాలన్నది నా పట్టుదల. ఈ కేసులో చేసిన పనంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

నేపథ్యం కొంచెం

హైదరాబాద్‌లో కతోలిక సంఘం మొదట పెరిగింది కంటోన్మెంటు చుట్టూ. 1806లో సికింద్రాబాద్ వెలిశాక ఐరిష్ సిపాయిలు, వాళ్ళ వెంట వచ్చిన తమిళ కుటుంబాలు అక్కడి సంఘంలో ఎక్కువ. ఫాదర్ డేనియల్ మర్ఫీ కట్టించిన సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. 2008లో దానికి పోప్ ఇచ్చే బసిలికా హోదా దక్కింది. 1886లో హైదరాబాద్ మేత్రాసనం (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం, డయోసిస్) ఏర్పడింది, 1953లో అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) అయింది. ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన పిమే అనే మిషనరీ సంస్థ గురువులు నిజాం రాజ్యపు పల్లెల్లోకి, కృష్ణా తీరానికి వెళ్ళి పనిచేశారు. ఆ పల్లెల విచారణలు ఎదిగి వేరే మేత్రాసనాలయ్యాయి: 1937లో బెజవాడ, 1952లో వరంగల్, 1976లో నల్గొండ, 1988లో ఖమ్మం. కోస్తాలో నెల్లూరు, గుంటూరు మేత్రాసనాలు 1928లో, 1940లో ఏర్పడ్డాయి. తర్వాత నగరానికి వచ్చిన తెలుగు కతోలికుల్లో అత్యధికులు ఈ పల్లెల పిల్లలే.

1960ల్లో హైదరాబాద్ చుట్టూ పెద్ద ప్రభుత్వ కర్మాగారాలు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు మందులు తయారుచేసే ఐడీపీఎల్, తూర్పున ఈసీఐఎల్. 1972లో పటాన్‌చెరు దగ్గర పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ మొదలైంది. ఫ్యాక్టరీతో పాటు క్వార్టర్లు, డిస్పెన్సరీ, స్కూలు. వాటిలో పనిచేయడానికి వచ్చినవాళ్ళలో కతోలికులు కూడా ఉన్నారు. గుడి ఎక్కడో సికింద్రాబాద్‌లోనో గన్‌ఫౌండ్రీలోనో ఉంది. బస్సులో అంత దూరం పిల్లల్ని వేసుకుని ప్రతి ఆదివారం వెళ్ళడం ఎవరి వల్లా కాలేదు. మన విచారణ కథ అక్కడ మొదలవుతుంది.

ఏ తేదీ నుంచి జూబిలీ?

పని మొదలుపెట్టగానే వచ్చిన చిక్కు ఇదే. విచారణ ఎప్పుడు పుట్టింది? నాలుగు తేదీలు పోటీపడ్డాయి. క్వార్టర్స్‌లో మొదటి పూజ జరిగిన రోజు, స్థలం రిజిస్ట్రేషన్ అయిన రోజు, విచారణగా ప్రకటిస్తూ అగ్రపీఠాధిపతి ఉత్తర్వు వెలువడిన రోజు, ఇప్పుడున్న పెద్ద గుడిని అభిషేకించిన రోజు. పాత కుటుంబాలకు మొదటిది ప్రాణం. కొత్తగా వచ్చినవాళ్ళకు నాలుగోది తప్ప మిగతావి తెలియవు.

తిరుసభ (కతోలిక చర్చి) చట్ట సంహిత దీని మీద స్పష్టంగా ఉంది. 1983 సంహితలో 515వ కానన్ (నిబంధన) ప్రకారం విచారణను స్థాపించే, మార్చే, రద్దు చేసే అధికారం మేత్రాసన పీఠాధిపతిదే. అది కూడా గురువుల సభ అభిప్రాయం విన్నాకే. అలా స్థాపించిన విచారణకు చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం దానంతటదే వస్తుంది. గుడి కట్టడానికి పీఠాధిపతి రాతపూర్వక అనుమతి కావాలనేది 1215వ కానన్, అంటే అది వేరే విషయం. కాబట్టి జూబిలీ లెక్క ఉత్తర్వు తేదీ నుంచే ఉండాలని చెప్పాను. సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. అయితే మొదటి పూజ నుంచి ఉత్తర్వు దాకా నడిచిన కాలాన్ని 'ముందుమాట'లో ఒక పేరాగా కుదించడానికి నేను ఒప్పుకోలేదు. ఆ కాలంలో గురువు లేరు, గుడి లేదు, ఆస్తి లేదు. ఉన్నదల్లా జనం. ఆ కాలానికే పెద్ద అధ్యాయం కేటాయించాం.

ఆ అధ్యాయంలో ఇంకో చిక్కు. మొదటి పూజ మా క్వార్టర్‌లోనే జరిగిందని మూడు కుటుంబాలు చెప్పాయి. మూడింటిలోనూ పెద్దవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, చెబుతున్నది పిల్లలు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకు మొదటి నుంచీ అనిపించింది. గురువు వచ్చేది నెలకోసారి, ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో పూజ. ఏ ఇంట్లో పిల్లలకు ఆ ఇంట్లో తాము చూసిన పూజే మొదటిది. తల్లి విచారణలోని (విడిపోకముందు ఈ శివారు ఏ విచారణ కింద ఉండేదో అందులోని) పాత ప్రకటనల పుస్తకం వెతికితే అక్కడి గురువు శివారుకు వెళ్ళిన ఆదివారాలు ఉన్నాయి కానీ ఇల్లెవరిదో రాయలేదు. అందుకని మూడు కథనాలనూ, ఎవరు చెప్పారో రాసి, పక్కపక్కనే అచ్చు వేశాం. ఒకదాన్ని ఎంచుకుని మిగతా రెండు ఇళ్ళను చరిత్ర నుంచి కొట్టేసే హక్కు సంకలనకర్తకు లేదు.

రిజిస్టర్లు ఏం చెప్పాయి

ప్రతి విచారణలో జ్ఞానస్నానాలకు, వివాహాలకు, మరణాలకు రిజిస్టర్లు ఉండాలని 535వ కానన్ చెబుతుంది. ఈ సంప్రదాయం చాలా పాతది. పెళ్ళిళ్ళు నమోదు చేయాలని 1563లోనే కతోలిక పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ ఆదేశించింది. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టిన చాలామందికి వయసు రుజువంటే జ్ఞానస్నాన పత్రమే. ఇప్పటికీ పాస్‌పోర్ట్ కోసమో పెన్షన్ కోసమో ఆ కాగితం కావాలని ఊరి విచారణకు ఫోన్లు చేసేవాళ్ళున్నారు.

జ్ఞానస్నాన రిజిస్టరు పొడుగాటి లెడ్జర్. అడ్డంగా గీతలు, నిలువుగా గడులు: పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, పేరు, తల్లిదండ్రులు, తండ్రి వృత్తి, నివాసం, జ్ఞానతల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకునే గాడ్‌పేరెంట్స్), గురువు సంతకం, చివర్లో 'రిమార్క్స్'. చరిత్ర కోసం దాన్ని చదివేవాళ్ళు సాధారణంగా పేర్లు, తేదీలు చూసి పేజీ తిప్పేస్తారు. నేను ముందు వృత్తి గడి మీద వేలు పెట్టి కిందికి దిగుతాను. ఈ విచారణలో మొదటి పేజీల్లో ఫిట్టర్, టర్నర్, వెల్డర్, కంపౌండర్, స్టాఫ్ నర్సు భర్త అయితే 'భార్య నర్సు' అని పక్కన చిన్నగా. కొంత దూరం పోయాక టీచర్లు, డ్రైవర్లు. తొంభైల్లో ఆ గడి ఖాళీగా ఉన్న నమోదులు ఎక్కువయ్యాయి. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. వీఆర్ఎస్ తీసుకున్నవాళ్ళు, తాత్కాలిక పనులు వెతుక్కున్నవాళ్ళు తమ వృత్తి ఏమని రాయించాలి? ఆ ఖాళీ గడులు చూసినప్పుడు నాకు ఏ వార్తాపత్రిక కథనం చదివినా కలగనంత బాధ కలిగింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. కొన్నేళ్ళకే ఆ గడి నిండా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. వాళ్ళ పక్కనే, అదే పేజీలో, వాచ్‌మన్, మేస్త్రీ, ఇళ్ళలో పని.

తర్వాత జ్ఞానతల్లిదండ్రుల గడి. తొలి పేజీల్లో ఒకే దంపతుల పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఊళ్ళో అయితే మేనమామో పెద్దమ్మో బిడ్డను ఎత్తుకుంటారు. ఇక్కడ క్వార్టర్స్‌లో చుట్టాలెవరూ లేరు. కాస్త వయసున్న, అందరికీ తలలో నాలుకలా మెలిగే ఒకట్రెండు జంటలు కాలనీ పిల్లలందరికీ జ్ఞానతల్లిదండ్రులయ్యారు. కేరళ జంట ఎత్తుకున్న గుంటూరు బిడ్డ, తమిళ జంట ఎత్తుకున్న ఖమ్మం బిడ్డ. ఆ జంటల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. విచారణకు పునాది వేసింది వాళ్ళేనని పుస్తకంలో రాశాను. తర్వాతి దశాబ్దాల్లో ఈ గడిలో చుట్టాల పేర్లు రావడం మొదలైంది. అంటే ఒకరి వెనక ఒకరు, అన్న వెనక తమ్ముడు, అక్క వెనక బావ, బంధువర్గమే నగరానికి వచ్చేసింది.

పేర్లు కూడా అదే దారిలో నడిచాయి. మొదట్లో బాలశౌరి, ఇన్నయ్య, రాయప్ప, చిన్నప్ప, జోజి, ఆరోగ్యమ్మ, లూర్దు మరియ. పేరు వింటేనే గుంటూరు వైపో కృష్ణా వైపో తెలిసిపోయేది. వాళ్ళ పిల్లలు ప్రవీణ్, సంధ్య, కిరణ్. మనుమలు ఈథన్, జోవాన్.

అన్నిటికంటే పనికొచ్చింది పెళ్ళిళ్ళ రిజిస్టరు. అందులో వధూవరుల జ్ఞానస్నానం ఎక్కడ జరిగిందో రాస్తారు. పెళ్ళి కుదిరాక సొంత విచారణ నుంచి జ్ఞానస్నాన పత్రం కొత్తగా తెప్పించుకోవాలి. ఆరు నెలలు దాటిన కాగితం సాధారణంగా ఒప్పుకోరు, ఎందుకంటే ఆ మూల రిజిస్టరు అంచున ఈలోగా ఇంకేమైనా నమోదైందేమో చూడాలి. పెళ్ళి అయిపోయాక ఇక్కడి గురువులు అక్కడికి సమాచారం పంపుతారు, అక్కడ పేరు పక్కన రాసుకుంటారు. 1122వ కానన్ చెప్పేది ఇదే. ఈ రాకపోకల వల్ల శివారు విచారణలో ఒక పెళ్ళి నమోదు అయిందంటే అందులో రెండు ఊళ్ళ పేర్లుంటాయి. ఫిరంగిపురం, రెంటచింతల, ముట్లూరు, కాజీపేట ఫాతిమానగర్, నల్గొండ, నంద్యాల, మంగళూరు, పాలా, తూత్తుకుడి. ఈ ఊళ్ళన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటూ పోయాం. పూర్తయ్యాక ఆ మ్యాపును పుస్తకంలో రెండు పేజీలకు పరిచి వేశాం. విచారణ సరిహద్దుల మ్యాపు కంటే దాన్నే ముందు పెట్టమని అడిగాను.

ఇలాంటి పని చేయాలనుకునే వేరే విచారణల వాళ్ళకు చెప్పదలచింది ఒకటి. ఆఫీసులో ఉన్న రిజిస్టర్లతో ఆగొద్దు. ఉపవిచారణగా ఉన్న కాలంలో నమోదులన్నీ తల్లి విచారణ పుస్తకాల్లోనే ఉంటాయి. అక్కడ శివారు చిరునామా ఉన్న వాళ్ళను ఏరుకోవాలి. అనుమతి పీఠాధిపతి కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఏ గురువూ కాదనరు, కానీ రేపు ఎవరైనా అడిగితే కాగితం ఉండాలి.

రసీదు పుస్తకాలు

గుడి మొదట రేకుల షెడ్డు. తర్వాత రెండు పక్కలా వసారాలు దించారు. ఆ తర్వాత అదంతా తీసేసి ఇప్పుడున్న కాంక్రీటు గుడి కట్టారు. ద్వారం పక్కన గ్రానైట్ ఫలకం మీద పెద్ద దాతల పేర్లున్నాయి. జూబిలీ కమిటీలో కొందరు ఆ జాబితాను తీసి పుస్తకంలో వేస్తే చాలన్నారు.

స్టోర్ రూములో అట్టపెట్టెలో పాత రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు దొరికాయి. షెడ్డు కాలం నాటివి. పది రూపాయలు, ఇరవై రూపాయలు, ఒక బస్తా సిమెంటు, అర బస్తా సిమెంటు. కొన్నిటి మీద పేరు బదులు 'క్వార్టర్ నంబరు' మాత్రమే. ఒకటి మీద 'రెండు రోజుల కూలి' అని ఉంది, డబ్బు కాదు, పని. అరవై డెబ్బైల్లో జీతాలెంతో తెలిసినవాళ్ళకు ఆ అర బస్తా బరువు తెలుస్తుంది. ఫలకం కాలంనాటి దాతలు గొప్పగా ఇచ్చారు, అందులో సందేహం లేదు. కానీ పుస్తకంలో ముందు ఈ రసీదుల ఫొటోలు పడాలని గట్టిగా అడిగాను. పడ్డాయి. అర్ధశతాబ్దం నాటి తమ తండ్రి సంతకం చూసి ఆఫీసులో కూర్చుని ఏడ్చినవాళ్ళున్నారు.

ఏ భాషలో పూజ

1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ ఆరాధన మీద పత్రం వెలువరించాక పూజ లతీను నుంచి మాతృభాషల్లోకి మారుతూ వచ్చింది. పల్లెలో ఇది సంబరం. శివారులో ఇది కొత్త ప్రశ్న: ఎవరి మాతృభాష? కాలనీలో తెలుగువాళ్ళు, మలయాళీలు, తమిళులు, మంగళూరు వాళ్ళు కలిసి ఉన్నారు. లతీను ఉన్నంతకాలం ఎవరికీ అర్థం కాలేదు, ఆ విషయంలో అందరూ సమానమే, గొడవ లేదు. మాతృభాషలు వచ్చాక మధ్యేమార్గంగా ఇంగ్లిష్ పూజ నిలిచింది. తెలుగు పూజ కోసం గట్టిగా అడిగింది ఇంజినీర్లు కాదు, వాళ్ళ ఇళ్ళకు ఊళ్ళ నుంచి వచ్చి ఉండిపోయిన తల్లులు. అమ్మలకు ఇంగ్లిష్ ప్రసంగం ఎక్కదు. కోడలు కన్ఫెషన్‌కు వరసలో నిలబడితే అత్తగారు ఏ భాషలో చెప్పుకోవాలో తెలియక బెంచీ మీద జపమాల తిప్పుతూ కూర్చునేది. ఆ అమ్మల పోరు వల్లే ఇక్కడ ఆదివారం తెలుగు పూజ స్థిరపడిందని మాట్లాడిన వాళ్ళందరూ చెప్పారు. ఇప్పుడు అన్నిటికంటే జనం నిండేది ఆ పూజకే.

పాటల బృందాల మధ్య, పూజ వేళల మధ్య తగాదాలు జరగలేదని రాయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. జరిగాయని రాశాం, మర్యాదగానే. క్రిస్మస్ రాత్రి పూజ ఏ భాషలో అన్న పంచాయతీ ఏళ్ళ తరబడి నడిచి చివరికి కలగలుపు పూజగా తేలింది. అది సంఘం తనంతట తాను నేర్చుకున్న పద్ధతి, దాచుకోవలసింది కాదు.

2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ శంషాబాద్ సీరో-మలబార్ (సొంత ఆరాధనా విధానం ఉన్న కేరళ కతోలిక సంఘం) మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. దాని మొదటి పీఠాధిపతి రఫేల్ తట్టిల్ గారు 2024 జనవరిలో ఆ సంఘానికే అధిపతిగా, అంటే మేజర్ ఆర్చ్‌బిషప్‌గా ఎన్నికయ్యారు. తమ సొంత ఆరాధనా విధానంలో పూజించుకోవడం కేరళ సీరో-మలబార్ కుటుంబాల హక్కు, చాలాకాలంగా వాళ్ళు ఎదురుచూసింది కూడా అదే. వాళ్ళ విచారణలు విడిగా నిలదొక్కుకున్నాయి. శివార్లలోని లతీను విచారణలకు ఇది పెద్ద మార్పు. మన విచారణలో మొదటి తరం ఉపదేశ తరగతులు నడిపింది, పాటలు నేర్పింది, క్వార్టర్‌లో పూజకు బల్ల వేసింది చాలావరకు ఆ కుటుంబాలే. ఎదుగుదల గ్రాఫులో అక్కడ కిందికి దిగిన గీత కనిపిస్తుంది. దాన్ని 'సంఖ్య తగ్గింది' అని ఒక ముక్కలో రాసి వదలకుండా, వెళ్ళిన కుటుంబాల పెద్దల్ని కలిసి, వాళ్ళ జ్ఞాపకాలకు విడి అధ్యాయం పెట్టాం. పుస్తకం ఆవిష్కరణకు వాళ్ళూ వచ్చారు.

పేర్లు అచ్చు వేయలేని చోట

ఈ భాగం కోసమే విచారణ పేరు దాచాను.

తెలుగు కతోలికుల్లో పెద్ద భాగం దళితులు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం క్రైస్తవంలో ఉన్న దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో ఆ ఉత్తర్వులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, ఆ వర్గానికి దక్కేది 1 శాతం రిజర్వేషన్. ఈ విషయాన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కేంద్రం కమిషన్ వేసింది.

దీని ఫలితం రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. ఒకే మనిషికి గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఇంకో పేరు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.55 శాతం, 2011లో 1.34 శాతం. శివారు గుళ్ళు నిండిపోతున్న దశాబ్దంలోనే లెక్కల్లో శాతం తగ్గింది. ఆ తేడాకు కారణాలు ఇంకా ఉండొచ్చు కానీ, ఇది ఒక కారణమని ఇళ్ళకు వెళ్ళి మాట్లాడితే ఎవరికైనా అర్థమవుతుంది. ఉద్యోగం, పిల్లల సీటు, స్కాలర్‌షిప్ ఎస్సీ సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉంటాయి. అందుకని కొన్ని కుటుంబాలు తమ పేరు, ఫొటో పుస్తకంలో వద్దన్నాయి. షెడ్డు కట్టడానికి ఇటుకలు మోసిన మనిషి కొడుకు నా చేతులు పట్టుకుని, "సార్, నాన్న కథ రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. జీవించి ఉన్నవాళ్ళ పేర్లు రాతపూర్వక అంగీకారం ఉంటేనే. చనిపోయినవాళ్ళవి వాళ్ళ పిల్లల అంగీకారంతో. రిజిస్టరు పేజీల ఫొటోలు వేయకూడదు, గడులు వివరించాలంటే ఖాళీ పేజీ ఫొటో వేయాలి. కులం ప్రస్తావన వ్యక్తుల పేర్లకు ముడిపెట్టకూడదు. కానీ విషయాన్ని దాటవేయకూడదు. దత్తత, వివాహ రద్దు, తండ్రి పేరు లేని నమోదు లాంటి రిమార్కులు ఏ రూపంలోనూ బయటికి రాకూడదు.

కులం గురించి అసలు రాయకపోతేనే మంచిదని కమిటీలో బలమైన వాదన వచ్చింది. గుడి లోపల అందరం ఒకటే కదా అన్నారు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధాన పత్రం విడుదల చేస్తూ తిరుసభ లోపల వివక్ష ఉందని ఒప్పుకుంది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు తొలి దళిత కార్డినల్ అని, తొలి తెలుగు కార్డినల్ అని లోకమంతా చెప్పుకుంది. ఇంత జరిగాక విచారణ పుస్తకంలో ఆ మాట రాయడానికి మనం జంకితే ఎలా అని అడిగాను. విచారణ గురువులు నా పక్షాన నిలబడ్డారు. ఊళ్ళల్లో వేరువేరు సమాధుల దొడ్లున్న చోటి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చోవడం నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో, పెళ్ళి సంబంధాల దగ్గర ఇప్పటికీ ఏం జరుగుతుందో, పేర్లు లేకుండా రాశాం. పుస్తకంలో అందరూ ఎక్కువగా చదివింది ఆ పేజీలే.

మరణాల రిజిస్టరు

జ్ఞానస్నానాల లెడ్జర్లు ఒకదాని తర్వాత ఒకటి నిండిపోతుంటే మరణాల పుస్తకం మొదటిదే ఇంకా సగం ఖాళీగా ఉంది. జనం చనిపోవడం లేదని కాదు. శరీరాన్ని ఊరికి తీసుకెళ్తారు. అంబులెన్సు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి గుంటూరు జిల్లాలోనో ఖమ్మం జిల్లాలోనో అమ్మానాన్నల పక్కన పెట్టి వస్తారు. నమోదు అక్కడి విచారణలో పడుతుంది. శివారులో సమాధుల స్థలం దొరకదన్నది ఒక కారణం. నగరం చుట్టూ ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 2001లో 35.75 లక్షలు, 2011లో 52.96 లక్షలు. ఆ వేగంలో పెరిగిన చోట బతికున్నవాళ్ళకే స్థలం లేదు. కానీ స్థలం ఒక్కటే కారణం కాదు. మొదటి తరం తాము ఇక్కడ ఉద్యోగానికి వచ్చామనే అనుకుంది, ఊరే ఇల్లు అనుకుంది. ఫిబ్రవరి 11 విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్ళ వచ్చిందంటే విచారణ సగం ఖాళీ అయ్యేది, ఇప్పటికీ ఆ వారం బస్సులు కట్టుకుని వెళ్తారు.

ఇది ఎప్పుడు మారింది? 2020లో. మార్చి 25 నుంచి లాక్‌డౌన్, ప్రార్థనా స్థలాలు మళ్ళీ తెరుచుకున్నది జూన్ 8న. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన పాస్కా పండుగను (ఈస్టర్) అందరూ ఫోన్లలో చూశారు. కొవిడ్ కాలంలో ఊరికి తీసుకెళ్ళడం కుదరలేదు. పెద్దవాళ్ళను నగరంలోనే సమాధి చేశారు. మరణాల రిజిస్టరులో ఒక్కసారిగా పేజీలు నిండింది అప్పుడే. ఒకసారి తల్లిదండ్రుల సమాధి ఇక్కడ ఉన్నాక నవంబరు 2న సకల ఆత్మల పండుగకు ఎవరూ ఊరికి బయల్దేరరు, ఇక్కడే పూలు పట్టుకుని వెళ్తారు. వలస వచ్చిన సంఘం స్థానిక సంఘంగా మారింది గుడి అభిషేకంతో కాదు, ఈ సమాధులతోనే అన్నది నా అభిప్రాయం. పుస్తకంలో కూడా అలాగే రాశాను.

ఫొటోల గురించి ఒక ముక్క. డెబ్బైల నాటి నలుపు తెలుపు ప్రింట్లు ఇళ్ళల్లో బీరువాల్లో భద్రంగా దొరికాయి. కెమెరా ఫోన్లు వచ్చిన తొలి ఏళ్ళ ఫొటోలే దొరకలేదు. పాడైన ఫోన్లతో, మార్చిన మెమరీ కార్డులతో పోయాయి. ఇప్పుడైనా ప్రతి పండుగకు పది ఫొటోలు ప్రింట్ వేసి, వెనక పేర్లు, తేదీ రాసి ఆఫీసులో పెట్టమని చెప్పి వచ్చాను.

ఇంకా మిగిలింది

హిందీ పూజకు వచ్చేవాళ్ళ గురించి పుస్తకంలో రాసింది తక్కువ. జార్ఖండ్‌లోని గుమ్లా, సిమ్డేగా వైపు నుంచి, ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ కతోలికులు. అపార్ట్‌మెంట్ల నిర్మాణంలో, సెక్యూరిటీలో, ఇళ్ళలో పనిచేస్తారు. సైటు మారితే మకాం మారుతుంది. బిడ్డకు జ్ఞానస్నానం ఊరికి వెళ్ళినప్పుడు చేయిస్తారు, పెళ్ళి అక్కడే. అంటే మన ఏ రిజిస్టరులోనూ వాళ్ళు లేరు. అరవైల్లో క్వార్టర్స్‌కు వచ్చిన ఫిట్టర్లు ఏ స్థితిలో ఉన్నారో ఇప్పుడు వీళ్ళు ఆ స్థితిలో ఉన్నారు. తేడా ఒకటే: వాళ్ళకు కంపెనీ క్వార్టర్ ఇచ్చింది, వీళ్ళకు సైటు పక్కన రేకుల గది.

వాళ్ళ కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టించాం. పేరు, సొంత విచారణ, ఇక్కడికి వచ్చిన సంవత్సరం, పని, ఫోన్ నంబరు, ఇష్టమైతేనే. ఆదివారం హిందీ పూజ తర్వాత వాళ్ళలోనే చదువుకున్న ఒక యువతి కూర్చుని రాస్తోంది. యాభై ఏళ్ళ తర్వాత ఈ విచారణ చరిత్ర రాసేవాళ్ళకు మొదట చూపించాల్సిన పుస్తకం అదేనని విచారణ గురువులతో చెప్పాను. రిజిస్టర్లున్న బీరువాలోనే దానికీ చోటిచ్చారు.